త్రోవ తప్పిన దాంపత్యపక్షి

అతిథి అన్న మాటకు మన పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి ఒకటి చాలా మనోహరంగా ఉంటుంది. తిథినియమం లేకుండా వచ్చేవాడు అతిథి. ఈ అర్థాన్ని పట్టి చూస్తే, ఏటేటా చలిగాలి సోకగానే మన చెరువులలోను, సరస్సులలోను వచ్చి దిగే వలసపక్షులను అతిథులని పిలవటం అంత సమంజసం కాదు. అవి పంచాంగం చూసుకుని వచ్చే చుట్టాలు. ఎప్పుడు వస్తాయో మనకు తెలుసు. ఎప్పుడు పోతాయో తెలుసు. ఏ చెరువు ఏ జాతికి విడిదియో పల్లెలోని పసులకాపరి కూడ చెప్పగలడు. కాని ఎన్నడో ఒకనాడు, ఏ తిథికీ కట్టుబడకుండా, ఏ దారినీ అనుసరించకుండా, తన జాతివారెవరూ లేనిచోట ఒంటరిగా వచ్చి వాలే పక్షి ఒకటి ఉంటుంది. అది నిజమైన అతిథి.

అటువంటి అతిథి ఒకటి 2021వ సంవత్సరం ఫిబ్రవరి 8వ తేదీన అస్సాం రాష్ట్రంలోని తిన్‌సుకియా జిల్లాలో మగురీ-మోటాపుంగ్ అనే బీలులో కనిపించింది. బీలు అంటే ఆ ప్రాంతపు భాషలో నది విడిచిపెట్టిన మడుగు, చిత్తడినేలతో కూడిన సరస్సు. యాత్రికులకు పక్షులను చూపించి జీవనం సాగించే స్థానికుడొకరు ముందుగా దానిని గుర్తించారు. తెలుపు, నలుపు, గోధుమవన్నెల బాతుల నడుమ, పెండ్లిపందిరిలోనుంచి నడిచివచ్చిన వరుడివలె, రంగురంగుల చిన్నబాతు ఒకటి నీటిమీద తేలుతున్నది. అది మాండరిన్ బాతు. చైనా, జపాను, కొరియా దేశాలకూ, రష్యా తూర్పుకొసకూ చెందిన పక్షి. వార్త పొక్కిన కొద్దిరోజులలోనే దేశం నలుమూలలనుంచి పక్షిప్రియులు కెమేరాలు భుజాన వేసుకుని ఆ మారుమూల మడుగుకు తరలివచ్చారు. దాని ఛాయాచిత్రాలు పత్రికలన్నిటిలోను వెలువడినవి.

ఒక బాతు కోసం ఇంత సందడి దేనికి అని పాఠకులు అడగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పుకోబోతే, ప్రాణిశాస్త్రమే కాదు, కవిత్వమూ, చరిత్రా, ధర్మచింతనా కూడ మన దారిలో ఎదురవుతాయి.

రూపురేఖలు

మాండరిన్ బాతు పరిమాణంలో మన ఊరిబాతుకంటె చిన్నది. ముక్కుకొన మొదలు తోకవరకు ఇంచుమించు 45 సెంటీమీటర్లు. బరువు అరకిలోకు కొంచెం అటూ ఇటూ. అయితే ప్రకృతి తన వర్ణపేటికను ఈ కొద్దిపాటి దేహంమీద పూర్తిగా ఒలకబోసినట్లు కనిపిస్తుంది. మగపక్షి ముక్కు ఎరుపు. కంటిమీదుగా వెనుకకు సాగిపోయే వెడల్పైన తెల్లని చారిక. చెంపలనుంచి గడ్డపు కుచ్చుల్లా వ్రేలాడే నారింజవన్నె ఈకలు. ఊదారంగు రొమ్ము, దానికి రెండు ప్రక్కల నిలువుగా తెల్లని పట్టెలు. అన్నిటినీ మించి, వీపుమీద రెండు వైపులా తెరచాపలవలె పైకి లేచి నిలిచే నారింజరంగు ఈకలు రెండు. దూరంనుంచి చూసేవారికి చిన్న అలంకారనౌక ఒకటి నీటిమీద సాగిపోతున్నదా అనే భ్రాంతి కలుగుతుంది. ఆడపక్షి మాత్రం నిరాడంబరమైనది. బూడిదవన్నె దేహం, కంటిచుట్టూ తెల్లని వలయం, ఆ వలయంనుంచి వెనుకకు సాగిన సన్నని గీత. ఆమె సౌందర్యం దగ్గరకు వెళ్ళి చూసేవారికే తెలుస్తుంది.

మగపక్షి వైభవమైనా శాశ్వతం కాదు. సంతానకాలం గడవగానే ఆ తెరచాపలూ, గడ్డపు కుచ్చులూ రాలిపోతాయి. అప్పుడు అతడు ఇంచుమించు ఆడపక్షివలెనే కనిపిస్తాడు. ఎర్రని ముక్కు ఒక్కటే ఆనవాలుగా మిగులుతుంది. శీతకాలం సమీపించేసరికి మళ్ళీ కొత్తబట్టలు కట్టుకుంటాడు.

1758లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ పక్షికి శాస్త్రనామం పెట్టాడు. ఆ నామంలోని రెండవ పదం ‘గాలెరిక్యులాటా’. లాటిన్ భాషలో దానికి మూలార్థం చిన్న కుళ్ళాయి. పక్షి తలమీది కుచ్చును చూసి పెట్టిన పేరది. దీనికి దగ్గరి చుట్టం లోకంలో ఒక్కటే ఉన్నది. అది ఉత్తర అమెరికాలో నివసించే ఉడ్ డక్. ఈ రెండూ బాతులే అయినా గూడు కట్టేది నీటి ఒడ్డున గడ్డిలో కాదు, చెట్టుతొర్రలో. తల్లి దాదాపు నెలరోజులు తొర్రలో పొదుగుతుంది. పిల్లలు పుట్టిన కొద్దికాలానికే తల్లి నేలమీద నిలిచి పిలిస్తే, ఇంకా రెక్కలు రాని ఆ కూనలు అంత ఎత్తునుంచీ ఒకదాని వెనుక ఒకటిగా క్రిందికి దూకుతాయి. నూగుబంతులవంటి ఆ దేహాలకు దెబ్బ తగలదు. వెంటనే తల్లివెంట నీటికి నడుస్తాయి.

రెండు దేశాల కవిసమయం

తెలుగు విద్యార్థికి చక్రవాకం క్రొత్త కాదు. జక్కవ అన్నా అదే. పగలంతా జంటగా తిరిగి, సూర్యుడస్తమించగానే శాపవశాన విడిపోయి, ఏటికి ఈ దరినొకటి ఆ దరినొకటి నిలిచి రాత్రంతా ఒకదానినొకటి పిలుచుకునే పక్షులని మన కవులు వాటిని వర్ణించారు. విరహాన్ని చెప్పవలసివచ్చిన ప్రతి కవికీ జక్కవలజంట అక్కరకు వచ్చింది. మేఘసందేశంలో కాళిదాసు యక్షుడు అలకాపురిలోని తన ప్రియురాలిని మేఘునికి గుర్తులు చెబుతూ, జతకాడు దూరమైన ఒంటరి చక్రవాకితో ఆమెను పోల్చాడు. ఆ చక్రవాకం కల్పితపక్షి కాదు. టిబెట్టు, లడఖ్, మధ్య ఆసియా ప్రాంతాలలో సంతానం పొంది, చలికాలానికి మన నదులకు దిగివచ్చే బంగారువన్నె బాతు అది. ఆ మగురీ బీలు చుట్టుపట్ల కూడ శీతకాలంలో అవి కనిపిస్తాయి.

మనకు చక్రవాకం ఎట్లాగో చైనీయులకు మాండరిన్ బాతు అట్లాగు. వారి భాషలో దాని పేరు ‘యువాన్‌యాంగ్’. అందులో మొదటి సగం మగపక్షిని, రెండవ సగం ఆడపక్షిని చెబుతుందంటారు. అంటే పేరులోనే జంట ఇమిడి ఉన్నది. పార్వతీపరమేశ్వరులను వాగర్థాలతో పోల్చిన సంప్రదాయంలో పెరిగిన మనకు ఈ పేరు ఎంత సొగసుగా తోస్తుందో వేరే చెప్పనక్కరలేదు. చైనాలో పెండ్లి దుప్పట్లమీద, దిండ్లమీద ఈ జంటను పట్టుదారంతో కుట్టటం ఆచారం. కొరియాలో వధూవరులకు కొయ్యతో చెక్కిన బాతులజంటను కానుకగా ఇచ్చే వాడుక ఉన్నది. జపానుభాషలో దీని పేరు ‘ఓషిదోరి’. అన్యోన్యంగా బ్రతికే ఆలుమగలను అక్కడివారు ఓషిదోరి దంపతులని అంటారు.

అయితే ఈ రెండు కవిసమయాలలో ఒక భేదం గమనింపదగినది. మన కవి విడిపోయే జంటను చూశాడు; చైనా కవి విడిపోని జంటను చూశాడు. మనవాడికి ఎడబాటులో ప్రేమ లోతు కనిపించింది. వారికి సహవాసంలో కనిపించింది. రెండూ దాంపత్యాన్ని కీర్తించినవే.

శాస్త్రజ్ఞుడు చెప్పేది మరొకటి. మాండరిన్ బాతులు చలికాలంలో జత కట్టి, సంతానకాలం వరకు కలిసి ఉంటాయి. ఆడపక్షి పొదిగే కాలంలో మగపక్షి కొన్నాళ్ళు ఆ దాపులనే తిరుగుతాడు. కాని పిల్లలు బయటికి వచ్చేవేళకు సాధారణంగా అతడు అక్కడ ఉండడు. పిల్లలను సాకే భారం తల్లిదే. దాంపత్యచిహ్నంగా ఇన్ని దుప్పట్లకెక్కిన పక్షి వృత్తాంతం ఇది! అంతమాత్రంచేత కవి అబద్ధమాడినాడని అనరాదు. కవి చూచింది చలికాలపు కొలనులో ప్రక్కప్రక్కన ఈదే జంటను. అది సత్యమే. వేసవిలో అడవితొర్ర దగ్గర ఏమి జరుగుతుందో చూచినవాడు శాస్త్రజ్ఞుడు. అదీ సత్యమే. తరగతిగదిలో ఈ రెండు సత్యాలను ప్రక్కప్రక్కన పెట్టి చెప్పగల ఉపాధ్యాయుడు విద్యార్థికి కవిత్వమూ శాస్త్రమూ రెండూ నేర్పినవాడౌతాడు.

ఇక మగురీ బీలుకు వచ్చినది ఒక్క మగపక్షి. పేరులోనే జంట ఉన్న పక్షి ఒంటరిగా వచ్చింది.

త్రోవ ఎందుకు తప్పుతుంది?

వలసపక్షి ప్రయాణం ఆషామాషీగా సాగేది కాదు. సూర్యుని గమనం, నక్షత్రాల అమరిక, భూమి అయస్కాంతశక్తి, క్రింద కనిపించే నదులూ కొండలూ — వీటన్నిటినీ పక్షులు దిక్సూచులుగా ఉపయోగించుకుంటాయని పరిశోధకులు నిరూపించారు. ఏ దిక్కుకు ఎగరవలెనన్న జ్ఞానం చాలా జాతులలో పుట్టుకతోనే వస్తుంది. బాతులవంటి పక్షులలో పెద్దల వెంబడి ఎగిరి దారి నేర్చుకోవటం కూడ ఉన్నది. ఇన్ని సాధనాలున్నా లక్షలాది ప్రయాణికులలో కొందరు దారి తప్పటం సహజమే. పెనుగాలి ప్రక్కకు నెట్టివేయవచ్చు. ఆ పుట్టుకజ్ఞానంలోనే లోపముండి, తూర్పుకు పోవలసిన పక్షి పడమరకు పోవచ్చు. తన గుంపు చెదరిపోగా మరొక జాతి గుంపులో చేరి, ఆ గుంపు పోయేచోటికే తానూ పోవచ్చు.

మాండరిన్ బాతులు రష్యాతీరపు అడవులనుంచి, ఈశాన్య చైనానుంచి చలికాలానికి చైనా దక్షిణభాగాలకు దిగుతాయి. అక్కడికీ, ఎగువ అస్సాముకూ నడుమ పర్వతశ్రేణులు అడ్డుగా ఉన్నవి. ఆ శ్రేణులను దాటి పడమరకు వచ్చిన పక్షికి మొట్టమొదట కనిపించే విశాలమైన మైదానం బ్రహ్మపుత్రాలోయ. కనుక ఈ జాతి మన దేశంలో ఎక్కడైనా కనిపిస్తే ఈశాన్యంలోనే కనిపించటం వింతకాదు. ఈ పక్షి ఏ కారణంచేత వచ్చిందో అదే చెప్పవలె.

పాలూ నీళ్ళూ

ఆనాటి వార్తలలో ‘నూట పద్ధెనిమిదేళ్ళ తర్వాత’ అనే మాట మారుమ్రోగింది. తిన్‌సుకియా ప్రాంతంలోనే డిబ్రూనది దగ్గర రంగాగరా అనేచోట 1902లో ఈ పక్షిని చూచినట్లు దాఖలా ఉన్నది. ఆ లెక్కనుంచి పుట్టినదే ఈ మాట. విన్నవారు భారతదేశంలో మళ్ళీ ఇప్పుడే కనిపించిందని అర్థం చేసుకున్నారు. కాని మణిపురంలోని లోక్‌టాక్ సరస్సులో 2013లోను, అస్సాములోనే మానస్ జాతీయవనంలోని ఒక బీలులో 2014లోను ఈ జాతిని చూచినట్లు నమోదైనది. కనుక ‘ఆ ప్రాంతంలో ఇన్నేళ్ళ తర్వాత’ అనటం వేరు. ‘దేశంలో ఇన్నేళ్ళ తర్వాత’ అనటం వేరు. ఒక్క విశేషణం జారిపోతే వార్త ఎంత పెద్దదౌతుందో విద్యార్థులు గమనించవలె. మరొక సంగతి. కనిపించలేదనటానికీ, రాలేదనటానికీ కూడ భేదమున్నది. నడిమి కాలమంతటా ఆ మడుగుల దగ్గర చూపరులెందరున్నారు? చూచేవారు లేనిచోట వచ్చిపోయిన పక్షికి సాక్షి ఎవరు?

ఇంతకంటె చిక్కైన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. కనిపించిన పక్షి నిజంగా అడవిపక్షియేనా, లేక పంజరంనుంచి తప్పించుకున్నదా? మాండరిన్ బాతు అందగత్తె కావటంచేత లోకమంతటా ఉద్యానాలలో, జంతుప్రదర్శనశాలలలో పెంచుతున్నారు. ఇంగ్లండులో అట్లా తప్పించుకున్నవీ, వదిలిపెట్టినవీ పెరిగి, ఇప్పుడు అక్కడి నదులలో స్వేచ్ఛగా బ్రతుకుతున్నాయి. 2018 అక్టోబరులో న్యూయార్కు నగరం నడిబొడ్డునున్న సెంట్రల్ పార్కు కొలనులో ఒక మగ మాండరిన్ బాతు ప్రత్యక్షమై నగరాన్నంతా ఉర్రూతలూపింది. జనం తండోపతండాలుగా వచ్చి చూశారు. కాని దాని కాలికి ఒక పట్టీ ఉన్నది. అది ఎవరో పెంచిన పక్షి అని ఆ పట్టీయే చెప్పింది. అయినా యజమాని ఎవరో తేలలేదు. 2019 వసంతంలో ఆ బాతు కనుమరుగైనది.

అందుచేత అరుదైన బాతు కనిపించగానే పరిశీలకుడు మొదట చూడవలసినది దాని తెరచాపలను కాదు, కాళ్ళను. పట్టీ ఉన్నదా? రెక్క ఈకలు కత్తిరించినట్లున్నవా? పంజరపు ఊచలకు రాచుకుని తోక అరిగినట్లున్నదా? మనిషిని చూచి దూరంగా పోతున్నదా, లేక గింజలకోసం దగ్గరకు వస్తున్నదా? వచ్చిన కాలం వలసకాలానికి సరిపోతున్నదా? ఈ ప్రశ్నలకన్నిటికీ అనుకూలమైన జవాబులు వచ్చినా, అది అడవిపక్షియేననటానికి బలమైన అవకాశం ఉన్నదని చెప్పగలమే కాని ప్రమాణం చేయలేము. పాలనుంచి నీళ్ళను వేరుచేసే హంస మన కావ్యాలలో ఉన్నది. ఇక్కడ బాతు విషయంలో ఆ హంసధర్మం పాటించవలసినవాడు మనిషి.

తుపాకి చేతినుంచి కెమేరా చేతికి

పూర్వం అరుదైన పక్షిని చూచానని చెబితే పండితులు నమ్మేవారు కారు. చంపి, చర్మం ఒలిచి, దూది కూరి, తేదీ వ్రాసిన చీటి కాలికి కట్టి ప్రదర్శనశాలకు పంపితేనే అది రుజువు. వెనుకటి పక్షిశాస్త్ర గ్రంథాలలోని అపురూపమైన దాఖలాలు ఎన్నో తుపాకిమోత వెంబడి పుట్టినవే. ఆ పండితులను దూషించటం సులభం. వారి చేతిలో వేరే సాధనం లేదన్నది మరువరాదు. కాని ఆ పద్ధతిలోని విషాదం తెలియాలంటే గులాబితల బాతు కథ వినవలె. గంగా బ్రహ్మపుత్రల మైదానాలలో, ముఖ్యంగా బీహారు, బెంగాలు మడుగులలో ఒకప్పుడు నివసించిన ఈ బాతు మెడా తలా గులాబిరంగులో ఉండేవి. మన దేశంలో స్వేచ్ఛగా తిరిగే గులాబితల బాతును నమ్మకంగా చూచిన చివరి దాఖలా 1935లో బీహారులోని దర్భంగా ప్రాంతానిది. దాని ఫోటోలు కొన్ని మిగిలినవి. అయితే అవి ఇంగ్లండులో ఒక సంపన్నుని ఉద్యానంలో పెంచిన పక్షులవి. తన సొంత మడుగులో, సొంత రెల్లుపొదల మధ్య ఆ పక్షి ఎట్లా ఉండేదో చూపే చిత్రం మనకు లేదు.

జపానుదేశంలో ఒక పాతకథ ఉన్నది. లాఫ్‌కాడియో హెర్న్ 1904లో ప్రచురించిన క్వైదాన్ అనే సంపుటంలో దానిని ఇంగ్లీషున తిరిగి చెప్పాడు. ఒక వేటగాడు ఆకలికి తాళలేక ఓషిదోరి జంటలో మగదానిని కొట్టి వండుకుంటాడు. ఆ రాత్రి ఒక స్త్రీ కలలోకి వచ్చి, తన భర్త ఏ తప్పు చేశాడని చంపావు అని విలపిస్తుంది. మరునాడు అతడు మళ్ళీ ఆ నీటిదగ్గరకు పోతాడు. ఒంటరిగా ఉన్న ఆడపక్షి భయపడక తిన్నగా అతనివైపే ఈదివచ్చి, అతని కళ్ళయెదుటనే తన ముక్కుతో తన రొమ్ము చీల్చుకుని చనిపోతుంది. వేటగాడు తల గొరిగించుకుని సన్యాసి అవుతాడు.

ఈ కథ వినగానే తెలుగువానికి తమసాతీరం గుర్తుకురాక మానదు. అక్కడా జంటపక్షులే, అక్కడా చచ్చినది మగపక్షియే, అక్కడా వేటగాడే. అయితే మన కథలో చూచినవాడు కవి అయినాడు. జపాను కథలో కొట్టినవాడే విరాగి అయినాడు. ఒకచోట శోకం శ్లోకమైనది, మరొకచోట పశ్చాత్తాపమైనది. మన కాలంలో వేటగాని చేతిలోని ఆయుధమే మారినది. గురి చూడటం ఉన్నది. ఊపిరి బిగబట్టటం ఉన్నది. గంటలకొద్దీ పొంచి ఉండటం ఉన్నది. కాని మీట నొక్కిన తరువాత పక్షి ఎగిరిపోతుంది. దాని నీడ మాత్రం మన దగ్గర నిలుస్తుంది. మాటలలో కాక ఆచరణలో అహింస అంటే ఇది. ఇ. హెచ్. ఎన్. లోథర్ మన దేశపు పక్షులను ఫోటోలు తీసిన అనుభవాలను 1949లో గ్రంథంగా ప్రకటించాడు. మదరాసుకు చెందిన ఎం. కృష్ణన్ నలుపు-తెలుపు చిత్రాలలోనే మన అడవుల జీవాన్ని పట్టి చూపాడు. ఆనాటి బరువైన పరికరాలతో వారు చేసిన పని తలచుకుంటే, నేటి వసతుల నడుమ మన బాధ్యత పెరుగుతుందే కాని తగ్గదు.

మంచి చిత్రానికి కావలసినవి

అరుదైన పక్షి చిత్రం అందంగా ఉంటే చాలదు, సాక్ష్యం చెప్పగలగాలి. దానికి కొన్ని నియమాలున్నవి. మొదట దూరంనుంచే ఒక చిత్రం తీసుకోవలె, పక్షి ఎంత చిన్నదిగా పడినా సరే. దగ్గరకు పోయేలోపల అది ఎగిరిపోతే ఆ ఒక్కటే ఆధారం. తరువాత పక్షితోపాటు పరిసరాలు కూడ పడేటట్లు తీయవలె. అది ఏ నీటిలో, ఏ పక్షుల సరసన ఉన్నదో తెలియాలి. ఆ తరువాతనే ముక్కు, రెక్క, కాళ్ళు స్పష్టంగా కనిపించే దగ్గరి చిత్రాలు. ఎగిరేటప్పుడు విప్పిన రెక్క చిత్రం దొరికితే అది బంగారమే. ఉదయపు ఎండ వెనుకనుంచి పడేటట్లు నిలిస్తే రంగులు నిజంగా వస్తాయి. నీటిమట్టానికి దగ్గరగా కూర్చుని తీస్తే పక్షి తన లోకంలో ఉన్నట్లు కనిపిస్తుంది. చివరకు తేదీ, వేళ, స్థలం, వాతావరణం అక్కడికక్కడే పుస్తకంలో వ్రాసుకోవలె. జ్ఞాపకం నమ్మదగిన గుమాస్తా కాదు.

ఈ నియమాలన్నిటికంటె పైది ఇంకొకటి: చిత్రంకోసం పక్షిని బాధించరాదు. దారి తప్పి వచ్చిన పక్షి అలసినది. దూరప్రయాణంలో ఒంట్లోని కొవ్వు కరిగిపోయి ఉంటుంది. పడవ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ అది లేచి ఎగురవలసివస్తే, మేత మేసి కూడబెట్టిన బలం కాస్తా ఖర్చవుతుంది. పది పడవలు చుట్టుముడితే ఆ విడిది దానికి విడిది కాదు, చెర. రెక్క విప్పిన చిత్రం కావాలని రాయి విసిరేవాడూ, చప్పట్లు కొట్టేవాడూ పక్షిప్రియుడు కాడు. అతని చేతిలోనిది కెమేరా అయినా మనసులోనిది తుపాకియే. పక్షి తల ఎత్తి మెడ నిక్కించి చూచిందంటే, ‘ఇక చాలు, ఆగు’ అని చెప్పిందన్నమాట. ఆ భాష తెలిసినవాడే దానిని తీయటానికి అర్హుడు.

మడుగు కథ

ఇప్పుడు ఆ అతిథికి ఆశ్రయమిచ్చిన ఇంటిని గురించి చెప్పుకోవలె. అసలు కథ ఇక్కడనే ఉన్నది.

మగురీ అన్న పేరు మాగుర్ అనే చేపనుంచి వచ్చింది. మన ప్రాంతాలలో మార్పు అని పిలిచే చేప అదే. మోటాపుంగ్ ప్రక్కనున్న ఊరు. ఈ మడుగు నీరు డిబ్రూనదితో కలుస్తుంది. దానికి ఉత్తరాన డిబ్రూ-సైఖోవా జాతీయవనం ఉన్నది. మూడువందలకు పైగా పక్షిజాతులు ఈ బీలులోను, దాని గడ్డిమైదానాలలోను నమోదైనవి. చుట్టుప్రక్కల పల్లెలవారికి చేపలూ, పశువుల మేతా, పడవబేరమూ అన్నీ ఇక్కడనే.

2020వ సంవత్సరం మే 27వ తేదీన దగ్గరలోని బాఘ్‌జాన్ గ్రామంలో ప్రభుత్వరంగ సంస్థ అయిన ఆయిల్ ఇండియాకు చెందిన బావిలోనుంచి సహజవాయువు, చమురు అదుపుతప్పి ఎగజిమ్మినవి. జూన్ 9న దానికి నిప్పంటుకున్నది. ఆనాడు అగ్నిమాపక సిబ్బందిలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. వేలాదిమంది ఇళ్ళు విడిచి శిబిరాలు చేరారు. చమురుతెట్టు మడుగునీటిమీద పరుచుకున్నది. చేపలు తేలినవి. గంగానది జాతికి చెందిన డాల్ఫిన్ ఒకటి చచ్చి కనిపించింది. గడ్డిమైదానాలు కాలినవి. భారత వన్యప్రాణి సంస్థవారు పరిశీలించి, నష్టం చాలా తీవ్రమైనదని నివేదించారు. ఆ మంట పూర్తిగా చల్లారినది నవంబరు నెలలో. అంటే మంట ఆరిన మూడునెలలకు ఈ సప్తవర్ణాల అతిథి ఆ మడుగులో దిగినాడన్నమాట!

కవికి ఇంతకంటె ఏమి కావలె? బూడిదలోనుంచి వసంతం లేచిందని వ్రాసుకోవచ్చు. కొందరు వ్రాశారు కూడ. కాని అక్కడ మనం నిదానించవలె. త్రోవ తప్పిన ఒక్క పక్షి ఒక మడుగులో దిగినంత మాత్రాన ఆ మడుగు కోలుకున్నదనటం తర్కం కాదు. దారితప్పినవాడు తలుపు తట్టిన ఇల్లు ఐశ్వర్యవంతమైనదని ఎవరంటారు? చూడవలసినది అరుదైన అతిథిని కాదు, ఏటేటా వచ్చే చుట్టాలను. సూదితోక బాతులు ఎన్ని వచ్చినవి? చక్రవాకాలు ఎన్ని? గడ్డిలో దాగే చిన్నపక్షులు తిరిగి గూళ్ళు కట్టినవా? జాలరి వలలో పూర్వమంత చేప పడుతున్నదా? మడుగు ఆరోగ్యానికి ఇవి సాక్షులు. ఈ సాక్షులను ఒక్కరోజు ఫోటో పిలిపించలేదు. ఏళ్ళతరబడి ఓపికగా వేసే లెక్క పిలిపించవలె.

మరొక మాట. అస్సాం రాష్ట్రపక్షి కూడ ఒక బాతే. తెల్లరెక్కల అడవిబాతు. అక్కడివారు దానిని దేవహంస అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. చీకటి అడవిలో దాని అరుపు దయ్యపు గొంతువలె వినిపిస్తుందట. పెద్దచెట్లూ, నిలవనీటి మడుగులూ ఉన్న అడవి దానికి కావలె. ఆ అడవి నరికివేతకు గురి అవుతున్నకొద్దీ ఆ బాతు లోకంలోనే అంతరించే ప్రమాదంలో పడింది. డిబ్రూ-సైఖోవా దాని చివరి ఆశ్రయాలలో ఒకటి. మాండరిన్ బాతు మనకు అరుదు, తన దేశాలలో అరుదు కాదు. ఆ జాతికి ప్రస్తుతం ముప్పు లేదని ప్రపంచ పరిశీలకులు అంటున్నారు. దేవహంస అట్లా కాదు. ఇక్కడ పోతే ఎక్కడినుంచో రాదు. అయినా అది నల్లనిది, పిరికిది, చీకటిలో తిరిగేది కావటంచేత పత్రికలకెక్కదు. వచ్చిన అతిథికి హారతి పట్టి, ఇంటి పెద్దను పస్తుపెట్టే గృహస్థుని ధర్మజ్ఞుడని ఎవరూ అనరు.

బడిపిల్లల చేతిలోని పని

ఈ కథ అంతా ఎక్కడో ఈశాన్యపు మూలలో జరిగినది కదా, మనకేమి అనుకోనక్కరలేదు. మనకు కొల్లేరు ఉన్నది. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలగా రామ్‌సార్ పట్టికకెక్కినది. పులికాట్ సరస్సు ఉన్నది. నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టే చెరువు ఉన్నది. వీటన్నిటికంటె దగ్గరగా ప్రతి ఊరికీ ఒక చెరువున్నది. బడి ప్రక్కనున్న చెరువును ప్రతి ఆదివారం ఒక గంటసేపు చూచి, కనిపించిన పక్షులను లెక్కపెట్టి, ఒక నోటుపుస్తకంలో వ్రాసే అలవాటు పదిమంది విద్యార్థులకు చేస్తే, అయిదేళ్ళలో ఆ పుస్తకం ఆ చెరువుకు జాతకమౌతుంది. ఖరీదైన కెమేరా అక్కరలేదు. ఒక మామూలు దుర్భిణి, సాలిం అలీ 1941లో తొలిసారి ప్రకటించిన భారతదేశపు పక్షుల పుస్తకంవంటి ఒక మార్గదర్శి, తెల్లవారకముందే లేచే ఓపిక ఉంటే చాలు. తెలుగు ఉపాధ్యాయులు దీనికి ఇంకొకటి చేర్చవచ్చు. ఆ ఊరి జాలరులూ, కాపరులూ ఒక్కొక్క పక్షిని ఏ పేరుతో పిలుస్తారో అడిగి వ్రాయించండి. నిఘంటువులకెక్కని ఎన్ని పేర్లు ఆ నోళ్ళలో బ్రతికి ఉన్నవో అప్పుడు తెలుస్తుంది. పక్షితోపాటు పేరూ, పేరుతోపాటు భాషా నిలుస్తాయి.

అరుదైన దానిని గుర్తించే కన్ను ఒక్కరోజులో రాదు. మగురీ బీలులో ఆ స్థానికుడు వందలాది బాతుల మధ్య ఒక్క క్రొత్త బాతును పట్టగలిగినాడంటే, అంతకుముందు ఎన్ని ఉదయాలు ఆ మామూలు బాతులను చూచి ఉంటాడు! వాటి రంగూ, నడకా, ఈతా కంటికి అలవడినవి కనుకనే వాటిలో లేనిది కంటికి తగిలింది. పదసంపద గలవాడికే క్రొత్తపదం క్రొత్తదిగా కనిపించినట్లు, నిత్యమైన దానిని ప్రేమించినవాడికే అపూర్వమైనది దర్శనమిస్తుంది. ఆ అపూర్వమైనది రావలెనంటే ముందు నిత్యమైన దానికి నీరుండవలె, నీడుండవలె. అతిథి వచ్చినా రాకపోయినా ఇల్లు ఊడ్చి, కడవలో మంచినీళ్ళు నింపి ఉంచటం మన ఇళ్ళలో తరతరాల వాడుక. చెరువుల విషయంలో కూడ మన ధర్మం అంతకు మించినది కాదు, అంతకు తగ్గినదీ కాదు.